ఒడ్డున ఒరిగిన ఓడ: సిరా గీతల బొమ్మను చూడటం ఎలా

ఒడ్డు మీద ఒక పక్కకు ఒరిగి ఉన్న ఓడను సిరాతో గీసిన బొమ్మ కనబడితే, కోస్తా ప్రాంతంలో పుట్టి పెరిగిన మనం దాన్ని వెంటనే తుఫాను బొమ్మగా చదివేస్తాం. అందుకు తగిన కారణమే ఉంది. 1977 నవంబరు నాటి దివిసీమ ఉప్పెన గురించీ, 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుఫాను గురించీ పెద్దవాళ్లు చెప్పగా వింటూ పెరిగినవారికి, నీళ్లలో ఉండవలసినది నేల మీద కనిపించిందంటే ఏదో ఘోరం జరిగినట్టే. 2020 అక్టోబరులో బంగ్లాదేశ్‌కు చెందిన ఎం.వి. మా అనే నౌక వాయుగుండం గాలులకు కొట్టుకొచ్చి విశాఖ తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డుకు తగిలినప్పుడు, దాన్ని చూడటానికి జనం తండోపతండాలుగా వెళ్లినది కూడా ఆ భావంతోనే. అయితే పాత యూరపు బొమ్మల విషయంలో ఈ చదువు చాలాసార్లు పొరపాటవుతుంది. ఓడ ఒడ్డుకు ఎందుకు వచ్చింది, అక్కడ ఎంతకాలంగా ఉంది, ఎంత బరువుతో నేలను అదుముతోంది అన్న మూడు సంగతులనూ మంచి బొమ్మలో గీతలే చెబుతాయి. వాటిని విడదీసి చూడటం అలవాటైతే, మొదట జాలితో ఒక్క చూపు చూసి వదిలేసిన బొమ్మ దగ్గర అరగంట నిలబడవచ్చు.

ముందుగా సముద్రం సంగతి. నెల్లూరు, ప్రకాశం తీరంలో పోటుకూ పాటుకూ మధ్య నీటి మట్టంలో తేడా సుమారు ఒక మీటరు. మైపాడులోనైనా కొత్తపట్నంలోనైనా నీళ్లు కొంచెం ముందుకు వస్తాయి, కొంచెం వెనక్కు పోతాయి, అంతే. అదే ఇంగ్లండుకూ వేల్స్‌కూ మధ్య ఉన్న సముద్రపు పాయ బ్రిస్టల్ చానెల్‌లో ఆ తేడా 12 మీటర్లు దాటుతుంది. అలాంటి చోట ఉదయం నీళ్లలో తేలుతున్న ఓడ మధ్యాహ్నానికి తడి ఇసుక మీదో బురద మీదో కూర్చుని ఉంటుంది. మళ్లీ పోటు రాగానే లేచి తేలుతుంది. అది అక్కడ రోజూ జరిగే వ్యవహారం. సరుకు దించడానికి ఆ సమయాన్నే వాడుకునేవారు, బండ్లను ఓడ పక్కకే తోలుకుపోయేవారు. ఇంగ్లీషు, ఫ్రెంచి తీరాల బొమ్మల్లో ఒరిగిన ఓడలు అన్ని కనిపించడానికి కారణం అక్కడి చిత్రకారులకు ప్రమాదాల మీద ఉన్న మోజు కాదు. వాళ్ల కళ్ల ముందు దినమూ రెండుసార్లు ఒరిగేది ఓడ.

ఇక డచ్చి తీరానికి వస్తే కథ మరోలా ఉంటుంది. హేగ్ నగరం పక్కనున్న స్కెవెనింగెన్ అనే పల్లెలో 1904 వరకు రేవు లేదు. అక్కడి జాలర్లు వాడిన పెద్ద చేపల పడవలకు అడుగు చదును. వాటిని తిన్నగా ఇసుక మీదికే ఎక్కించేవారు. 1894 డిసెంబరు తుఫానులో ఒడ్డున ఉన్న పడవలే దెబ్బతిన్నాక రేవు కట్టాలన్న పట్టుదల పెరిగింది. 1882లో హేగ్‌లో ఉన్నప్పుడు డచ్చి చిత్రకారుడు విన్సెంట్ వాన్ గోహ్ ఈ తీరానికి వెళ్లి ఆ పడవలను గీశాడు, చిత్రించాడు. ఆ పడవలు మన కంటికి పరిచయమైనవే అనిపిస్తాయి, ఎందుకంటే కొత్తపట్నంలోనూ పాకలలోనూ వేట ముగించి వచ్చిన బోట్లు ఉండేది ఇసుక మీదే. చదునైన అడుగు ఉన్న పడవ నేల మీద నిటారుగా నిలుస్తుంది. అడుగున పొడవాటి దూలం కిందికి పొడుచుకొని ఉండే ఓడ అలా నిలవలేదు. ఆ దూలం మీదా ఒక పక్క బొజ్జ మీదా ఆనుకుంటుంది. కాడి దించిన ఎడ్లబండి ముందుకు వాలి నేలను ఆనుకున్నట్టే, అది ఆ ఆకారానికి సహజమైన విశ్రాంతి. కనుక ఓడ ఒరిగి ఉండటం ఒక్కటే ప్రమాదానికి సాక్ష్యం కాదు. అడుగు ఆకారాన్ని బట్టి ఒరగాల్సిన ఓడే ఒరిగిందా అన్నది మొదటి ప్రశ్న.

మరమ్మతు కోసం కావాలనే ఒరగేసిన ఓడల బొమ్మలు కూడా ఉన్నాయి, వీటి దగ్గరే చూపరి ఎక్కువగా తడబడతాడు. కొయ్య ఓడకు అడుగున నాచు పడుతుంది, గుల్లలు అతుక్కుంటాయి, పురుగు తొలుస్తుంది. అందుకని ఓడను లోతు తక్కువ చోటికి తెచ్చి, స్తంభాల పైకొసల నుంచి తాళ్లు కట్టి ఒక వైపుకు లాగి, బయటపడిన అడుగును గీకి తారు పూసేవారు. పట్టిన నాచును కాల్చడానికి ఓడ పక్కనే చెత్తా చెదారం పోగేసి మంట కూడా పెట్టేవారు. బొమ్మలో ఓడ అడుగు నుంచి పొగ లేస్తుంటే మనం తగలబడుతోందని కంగారు పడతాం. దగ్గరికి వెళ్లి చూస్తే నిచ్చెనల మీద, తెప్పల మీద నిలబడి తాపీగా పని చేసుకుంటున్న మనుషులు ఉంటారు. తాళ్లు బిగుతుగా, ఒక క్రమంలో ఉంటాయి. తెరచాపలు విప్పి తీసేసి ఉంటాయి. వీటిలో ఏ ఒక్కటీ తుఫాను మిగిల్చే గుర్తు కాదు.

నిజంగా కొట్టుకొచ్చిన ఓడకు వేరే ఆనవాళ్లు ఉంటాయి. చినిగిన తెరచాప కొయ్యకు చుట్టుకొని ఉంటుంది, చుక్కాని ఊడి ఉంటుంది, తాళ్లలో కొన్ని బిగుతుగా కొన్ని వదులుగా ఉంటాయి. అన్నిటికంటే నమ్మదగినది ఇసుక. కెరటం ఓడ పక్కలకు కొట్టి వెనక్కు తీసేటప్పుడు అడుగున ఉన్న ఇసుకను తవ్వుకుపోతుంది. ఓడ చుట్టూ గుంట ఏర్పడి అందులో నీళ్లు నిలుస్తాయి, తవ్విన ఇసుక మరో పక్కన మేటవేస్తుంది. ఓడ కింద ఇలాంటి నీటి గుంటను గీశాడంటే ఆ ఓడ అక్కడ చాలా పోట్లు చూసిందని చిత్రకారుడు మనకు తెలియజేస్తున్నాడు. గుంట లేకుండా, ఇసుక మీద పెట్టినట్టుగా ఉంటే రెండే మాటలు: ఓడ ఇప్పుడిప్పుడే వచ్చింది, లేదా గీసినవాడు ఇసుకను సరిగా చూడలేదు. రెండోది అయిన బొమ్మలు తక్కువేమీ లేవు.

ఓడ చుట్టూ ఉన్న మనుషులను చూసేటప్పుడు మన ప్రాంతపు చరిత్ర ఒకటి గుర్తుకు తెచ్చుకోవాలి. 2022 వరకు ప్రకాశం జిల్లాలో ఉండి ఇప్పుడు బాపట్ల జిల్లాలో చేరిన మోటుపల్లి ఒకనాడు పేరున్న రేవు. అక్కడ కాకతీయ గణపతిదేవుడు శక సంవత్సరం 1166లో, అంటే క్రీ.శ. 1244-45లో వేయించిన అభయ శాసనం నేరుగా ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల గురించే మాట్లాడుతుంది. దేశం నుంచి దేశానికి పోతూ గాలివానకు చిక్కి తమ తీరానికి వచ్చిపడిన ఓడల్లోని బంగారాన్నీ ఏనుగులనూ గుర్రాలనూ తక్కిన సరుకునూ పూర్వపు రాజులు బలవంతంగా తీసుకునేవారనీ, తాను మాత్రం నిర్ణయించిన సుంకం తప్ప మరేదీ తీసుకోననీ అందులో ఆయన మాట ఇచ్చాడు. దీని తరువాత కొన్నేళ్లకే, 1275లో, ఇంగ్లండులో వెస్ట్‌మినిస్టర్ శాసనం ఓడలో నుంచి ఒక మనిషి గానీ కుక్క గానీ పిల్లి గానీ ప్రాణాలతో బయటపడితే ఆ ఓడను దిక్కులేని సొత్తుగా లెక్కించరాదని చెప్పింది. అంటే ఒడ్డుకు వచ్చిన ఓడ ఎవరిది అన్న తగవు అన్ని తీరాల్లోనూ ఉన్నదే. బొమ్మలో ఓడ దగ్గరికి నడుస్తున్న మనుషులు సాయానికి వెళుతున్నారా, సరుకుకు వెళుతున్నారా అన్నది వాళ్ల నడుము వంపులో, చేతుల్లో ఉన్నదానిలో తెలుస్తుంది. తాడు విసిరేవాడి చేయి పైకి ఉంటుంది. మూట మోసేవాడి మెడ కిందికి వంగుతుంది. అంగుళం ఎత్తు కూడా లేని మనిషి బొమ్మలో ఈ తేడాను రెండు గీతల్లో పట్టగలిగినవాడు ఓడను కూడా నమ్మకంగా గీసి ఉంటాడని నేను అనుకుంటాను.

ఇప్పుడు అసలు విషయమైన కలం దగ్గరికి వద్దాం. సిరా కలానికి బూడిద రంగు తెలియదు. పెన్సిలు ఒత్తిడిని బట్టి లేతగానో ముదురుగానో గీస్తుంది, నీటిరంగు పలచబడుతుంది; పాళీ పెట్టిన చోట నలుపు, పెట్టని చోట తెల్ల కాగితం, ఈ రెండే. మధ్యలో కనిపించే ఛాయలన్నీ గీతల దగ్గరితనం, దూరం, మందం, దిశ కలిసి మన కంటికి కల్పించేవే. ఒకే దిశలో దగ్గర దగ్గరగా గీతలు వేసే పద్ధతిని హాచింగ్ అనీ, వాటి మీదుగా మరో వాలులో ఇంకో వరుస వేస్తే క్రాస్‌హాచింగ్ అనీ అంటారు. చుక్కలతో నింపే పద్ధతి మరొకటి. ఇవన్నీ చిత్రకళ పుస్తకాల్లో ఉన్నవే. చూపరికి అక్కరకు వచ్చే సంగతి వేరు: గీత ఏ దిశలో పోతోందో చూడాలి. ఓడ పక్క మీది గీతలు పలకల వెంట పొడవుగా పోతే మనకు ఓడ పొడవు తెలుస్తుంది. అవే గీతలు పక్కకు అడ్డంగా, బొజ్జ వంపును అనుసరిస్తూ కిందికి తిరిగితే ఓడ గుండ్రదనం తెలుస్తుంది, దానితో పాటు లోపలి ఖాళీ, ఆ ఖాళీని మోస్తున్న కొయ్య బరువు కూడా తెలుస్తాయి. నీళ్ల మీద తేలే ఓడను గీసేటప్పుడు పై సగమే పని. ఒడ్డున ఉన్న ఓడకు ఎప్పుడూ నీటి కింద దాగి ఉండే సగం బయటపడుతుంది. ఆ వంపు కలానికి పెద్ద పరీక్ష.

నా దగ్గర పోస్టుకార్డుకు రెండింతలు ఉండే ఒక ముద్రణ ప్రతి ఉంది. గీసినవారి పేరు దాని మీద లేదు. రెండు స్తంభాల ఓడ, ఎడమకు ఒరిగింది, ముక్కు మన వైపు ఉంది. దూరం నుంచి చూస్తే ఓడ అడుగంతా నల్లగా కనిపిస్తుంది. భూతద్దం పెట్టి చూస్తే పూర్తి నలుపు ఒక్క చోటే ఉంది: దూలం ఇసుకను తాకే చోట, వేలి గోరంత పొడవున. దానికి పైన గీతలు మూడు వరుసలు, ఇంకాస్త పైన రెండు, బొజ్జ వెలుగులోకి తిరిగే చోట ఒకటి, ఆ పైన ఏమీ లేదు. వెలుగు పడే పక్కన ఓడ అంచును గీయనే లేదు. రెండు మూడు చోట్ల తునకలుగా తగిలించి వదిలేశాడు, అయినా మన కన్ను ఆ అంచును తానే పూర్తి చేసుకుంటుంది. ఇసుక మీద దాదాపు ఏమీ లేదు. తడి ఇసుక ఉన్న చోట మాత్రం కొన్ని పొడవాటి అడ్డగీతలు, వాటిలో ఓడ నీడ తలకిందులుగా, విరిగి విరిగి కనిపిస్తుంది; పొడి ఇసుక దగ్గరికి రాగానే ఆ గీతలు ఆగిపోయి నాలుగు చుక్కలు మిగులుతాయి. నీరు ఎక్కడిదాకా వచ్చి వెనక్కు తీసిందో ఆ హద్దును విడిగా గీయకుండానే తెలియజేశాడు. నల్లగా ఉన్న ఆ గోరంత చోటు లేకపోతే ఓడ ఇసుక మీద తేలుతున్నట్టే ఉండేది. బొమ్మ మొత్తంలో బరువంతా అక్కడే ఉంది.

అదే బొమ్మలో మరొక వివరం ఉంది. ఓడ ఒరిగితే స్తంభాలు దానితో పాటే ఒరుగుతాయి, బిగించి కట్టిన తాళ్లు కూడా ఒరుగుతాయి. ఒక కొస తెగి వేలాడే తాడు మాత్రం ఓడ మాట వినదు, భూమి మాటే వింటుంది, నిట్టనిలువుగా దిగుతుంది. ముందు స్తంభానికీ దాని మీది నుంచి వేలాడుతున్న తాడుకూ మధ్య ఉన్న కోణమే ఓడ ఎంత ఒరిగిందో చెప్పే కొలత. వెనక సముద్రపు అంచును అడ్డంగా ఒక్క సన్నని గీతతో వేశాడు, అదీ ఓడ వెనకకు వచ్చేసరికి ఆపేశాడు. ఆ అడ్డగీత, ఈ నిలువు తాడు, వాటి మధ్య వాలిన స్తంభం, ఈ మూడే మన కంట్లో ఒరుగును పుట్టిస్తాయి. ఓడల సంగతి తెలియనివారు గీసినప్పుడు వేలాడే తాళ్లను కూడా స్తంభానికి సమాంతరంగా గీస్తారు. అప్పుడు ఓడ ఒరిగినట్టు ఉండదు, కాగితమే పక్కకు తిరిగినట్టు ఉంటుంది. ఒరిగిన ఓడ బొమ్మను ఎవరైనా చూపిస్తే నేను ముందు వెతికేది ఈ వేలాడే తాడునే.

కలం రకాన్ని బట్టి కూడా బొమ్మ మారిపోతుంది. రెల్లు కలం మొద్దుగా ఉంటుంది, సిరా త్వరగా అయిపోతుంది, అందువల్ల గీతలు పొట్టిగా, బలంగా, కొస దగ్గర ఎండిపోతూ వస్తాయి. పక్షి ఈకతో చేసిన కలం చేతికి మెత్తగా లొంగుతుంది. 19వ శతాబ్దంలో బర్మింగ్‌హామ్ కార్ఖానాలు లక్షల కొద్దీ తయారుచేసిన ఉక్కు పాళీ వెంట్రుక వాసి గీత నుంచి ఒత్తితే వెడల్పయ్యే గీత దాకా ఇస్తుంది, కాబట్టి ఓడ తాళ్ల వంటి సన్నని పనికి అది ప్రాణం. ఏ కలమైనా గీసింది చెరపలేం. స్తంభం వాలు ఒక్కసారి తప్పితే బొమ్మంతా తప్పినట్టే, అందుకే చాలామంది ముందు పెన్సిలుతో లీలగా వేసుకునేవారు. అసలు ప్రతుల్లో ఆ పెన్సిలు జాడ కొన్ని చోట్ల ఇంకా కనబడుతుంది.

సిరా విషయం మన కలంకారీ తెలిసినవారికి సులువుగా అర్థమవుతుంది. శ్రీకాళహస్తిలో ఇనుప ముక్కలను బెల్లం నీటిలో రోజుల తరబడి ఊరబెట్టి నలుపు తీస్తారు. కరక్కాయ వగరు పట్టించిన బట్ట మీద ఆ నీళ్లు పడగానే నల్లబడుతుంది. యూరపులో శతాబ్దాల పాటు వాడిన ఇనుప సిరాలోనూ జరిగేది ఇదే: ఓక్ చెట్టు మీద బుడిపెల్లా ఏర్పడే మాచికాయల్లోని వగరు, ఇనుప లవణం కలిసి నలుపవుతాయి. తేడా ఏమిటంటే కాగితం మీద ఆ నలుపు కాలక్రమంలో గోధుమ రంగుకు దిగుతుంది, సిరా చిక్కగా పడిన చోట కాగితాన్ని తింటుంది కూడా. ఓడ బొమ్మలో సిరా అత్యంత చిక్కగా పడేది ఓడ అడుగున, కనుక పాత బొమ్మల్లో కాగితం ముందుగా చిల్లిపడేదీ పగిలేదీ అక్కడే. దీపపు మసితో చేసిన సిరాకు ఈ జబ్బు లేదు; అది నల్లగానే ఉంటుంది. గోధుమ రంగు గీతలను చూసి చిత్రకారుడు ఆ మృదుత్వాన్ని కోరి వేశాడని మెచ్చుకునే ముందు, అవి మొదట నల్లగా ఉండి ఉంటాయేమో ఆలోచించాలి. వాన్ గోహ్ రెల్లు కలపు బొమ్మల్లో చాలావాటికి జరిగింది ఇదే.

ఆయన 1888 వేసవి మొదట్లో మధ్యధరా తీరాన ఉన్న సాంత్-మారీ అనే పల్లెలో కొద్ది రోజులు ఉన్నాడు. అక్కడి సముద్రానికి ఆటుపోట్లు లేనట్టే లెక్క. పడవలను మన దగ్గరలాగే ఇసుక మీదికి లాగి పెట్టేవారు. తెల్లవారగానే అవి వేటకు వెళ్లిపోతాయి కనుక అక్కడే కూర్చుని రంగుల్లో చిత్రించే వ్యవధి దొరకలేదు. బయలుదేరే రోజు పొద్దున్నే కలంతో గీసుకొని, ఏ భాగం ఏ రంగో బొమ్మ మీదే రాసుకొని, ఆర్ల్‌కు తిరిగివచ్చాక రంగుల చిత్రం వేశాడు. ఆ రంగుల చిత్రం ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఆయన పేరిటి మ్యూజియంలో ఉంది. తొందరగా వేసినా ఆ కలం బొమ్మలో పడవల అంచులు స్థిరంగా ఉన్నాయి.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన పద్ధతి విల్లెం వాన్ డి వెల్డె పెద్దాయనది. 1611లో పుట్టి 1693లో చనిపోయిన ఈ డచ్చి చిత్రకారుడు నౌకాదళంతో పాటు చిన్న పడవలో వెళ్లి యుద్ధాలను అక్కడికక్కడే గీసుకునేవాడు. తరువాత తెల్లని పూత పూసిన చెక్క మీదా బట్ట మీదా సిరాతో పెద్ద పెద్ద చిత్రాలు తీర్చేవాడు. డచ్చివారు వాటిని కలపు చిత్రాలు అనేవారు. ఓడ తాళ్లలో ఏది దేనికి కట్టి ఉంటుందో ఆయన గీతల్లో వెతికి తెలుసుకోవచ్చు. అయితే ఓడల వివరాల మీద ఇంత పట్టు చూసి, వివరం ఎక్కువైతే బొమ్మ గొప్పదన్న నిర్ణయానికి రాకూడదు. ఆయనను అనుకరించిన తక్కువ స్థాయి బొమ్మల్లో ప్రతి తాడూ ఒకే మందంలో, దగ్గరిదీ దూరానిదీ ఒకేలా ఉంటుంది. అవి ఓడ పటాలు. ఒడ్డున ఒరిగిన ఓడకు అటువంటి గీత అసలు నప్పదు, ఎందుకంటే అక్కడ తాళ్ల కంటే అడుగు ముఖ్యం.

తెలుగు పాఠకులకు సిరా బొమ్మ కొత్తది కాదు. 19వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో గీతను నేరుగా లోహపు రేకు మీదికి ఎక్కించే లైన్ బ్లాకు వచ్చాక ప్రపంచమంతటా పత్రికలకు కలం బొమ్మ అనుకూలమైంది. మన వారపత్రికల కథల బొమ్మలు కూడా ఆ బ్లాకుల మీదే అచ్చయ్యాయి. బాపు గీతను చూసి పెరిగిన కన్నుకు, గీయకుండా వదిలిన చోటు కూడా బొమ్మలో భాగమేనన్న సంగతి ఎవరూ చెప్పనవసరం లేదు. ఆ కన్నుతోనే ఓడ బొమ్మను చూస్తే నురగ కోసం, పొడి ఇసుక కోసం, ఎండ పడిన పక్క కోసం వదిలిన తెలుపు వెంటనే పట్టుబడుతుంది.

అచ్చు ప్రతిని చూస్తున్నామా, అసలు బొమ్మను చూస్తున్నామా అన్నది కూడా గుర్తుండాలి. బ్లాకు కోసం వేసిన బొమ్మలను పెద్దగా గీసి కుదించి అచ్చు వేసేవారు, అందువల్ల అచ్చులో గీతలు అసలు కంటే దగ్గరగా, నలుపు ఎక్కువగా కనబడతాయి. ఫోను తెర మీద చిన్నగా చూస్తే ఇంకా కష్టం: దగ్గర దగ్గరి గీతలు కలిసిపోయి లేని బూడిద రంగు ఒకటి పుడుతుంది, కొన్నిసార్లు అలల్లాంటి చారలు కూడా తేలతాయి. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియం తన బొమ్మలను చాలా పెద్ద పరిమాణంలో ఉచితంగా ఇస్తుంది. లండనులోని గ్రీనిచ్ నౌకా మ్యూజియం దగ్గర వాన్ డి వెల్డె తండ్రీకొడుకుల రేఖాచిత్రాలు వెయ్యికి పైగా ఉన్నాయి. నెల్లూరులోనో ఒంగోలులోనో కూర్చుని కంప్యూటరు తెర మీద వాటిని గీత గీతగా విడిపోయేదాకా పెద్దవి చేసుకోవచ్చు. మొత్తం బొమ్మను ఒకసారి చూసి, తరువాత తిన్నగా ఓడ అడుగు నేలను తాకే చోటికి వెళ్లి, అక్కడి నుంచి గీతల వెంట పైకి రండి. తెరచాపలూ జెండాలూ ఆఖరున చూసినా వచ్చిన నష్టమేమీ లేదు. వీలైతే అంతకు ముందు ఒక పొద్దున్నే కొత్తపట్నం వెళ్లి, బోటును ఇసుక మీదికి లాగాక దాని అడుగున నీడ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో, తడి ఇసుక ఏ హద్దు దగ్గర పొడి ఇసుకగా మారుతుందో నిలబడి చూసి రావడం మంచిది.